రద్దీ సుంకము – ఓటు లేని బాటసారి
(మాడుగులపల్లి పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ఈ యూరికి మాట్లాడ వచ్చినపుడు మాకొక సౌకర్యము గలదు. నేటి విషయమునకు ఉదాహరణము వెదకుకొనుటకు దూరము పోనక్కరలేదు. నార్కట్‌పల్లి మొదలు అద్దంకి వరకు గల బాటను నాలుగు వరుసలుగ వెడల్పు చేసి, కాంట్రాక్టుదారునకు వసూలు హక్కు నిచ్చినపుడు, ఒక టోలుగేటు మాడుగులపల్లి పేరనే వెలసినది. మిర్యాలగూడ మిల్లుల నుండి బియ్యపు బస్తాలతో బయలుదేరిన లారీయైనను, నల్లగొండ ఆసుపత్రికి పోవు కారైనను ఆ గేటు నెదుర్కొనవలసి వచ్చినది. కావున టోలు అను మాటకు మేము మీకు అర్థము చెప్పబని లేదు.

నేటి మా ప్రసంగవిషయము దానికి చుట్టమే గాని అది కాదు. బాట వేసిన ఖర్చును రాబట్టుకొనుటకు టోలు వసూలు చేయుదురు. మహానగరములలో వసూలు చేయు రద్దీ సుంకమునకు ఉద్దేశము వేఱు. బాట యున్నది, దానిపై చోటు లేదు. ఉదయము తొమ్మిది గంటలకు నగరమధ్యమున ప్రవేశించు ప్రతి కారును వెనుక వచ్చువారి కాలమును కొంత హరించుచున్నది. ఆ హరించినదానికి వెలగట్టి, అత్యవసరము లేనివాడు మఱియొక వేళకో, బస్సునకో మరలునట్లు చేయుటయే రద్దీ సుంకము. విలియం విక్రీ అను అర్థశాస్త్రజ్ఞుడు గత శతాబ్ది మధ్యభాగము నుండి ఈ వాదమునే వినిపించుచు వచ్చెను. 1996లో ఆయనకు నోబెలు బహుమానము ప్రకటించిరి. మూడు దినములకే ఆయన కన్నుమూసెను.

ఒక చిత్రము చూడుడు. 2025 ఆగస్టులో కేరళ హైకోర్టు పాలియెక్కర గేటు వద్ద టోలు వసూలును నిలిపివేసినది. కారణము? బాటపై వాహనములు కదలకుండుటయే. సుప్రీంకోర్టును ఆ యుత్తరువును త్రోసివేయ నిరాకరించినది. (వసూలు కొన్నాళ్లకు మరల మొదలైనది.) అచ్చట రద్దీ యున్నది గనుక సుంకము వలదనిరి, లండనులో రద్దీ యున్నది గనుకనే సుంకము కావలెననిరి. రెండును న్యాయమే యని మా యభిప్రాయము. ఒకచోట సొమ్మిచ్చినవానికి దారి దొరకలేదు. రెండవచోట సొమ్మిచ్చినవానికి దారి దొరకుటకే ఆ సుంకము పుట్టినది.

అయినను ఏ నగరమునను ఇది పోరాటము లేక రాలేదు. సింగపూరును విడిచిపెట్టుదము. 1975 జూన్ 2వ తేదీన అచ్చటి ప్రభుత్వము ఉదయపు వేళ నగరమధ్యమున ప్రవేశించు కార్లకు దినమునకు మూడు డాలర్ల సుంకము విధించి, నలుగురు కూర్చుండిన కారును మినహాయించినది. ఆ ప్రభుత్వమునకు ఎదురు చెప్పు ప్రతిపక్షమే శాసనసభలో లేదు.

లండనులో అట్లు కాదు. కెన్ లివింగ్‌స్టన్ 2000వ సంవత్సరమున ఏ పార్టీ టిక్కెట్టు లేకయే మేయరు పదవికి నిలబడి, ఈ సుంకమును ముందుగనే ప్రజలకు చెప్పి గెలిచెను. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిలు కోర్టునకు పోయి ఓడినది. 2003 ఫిబ్రవరి 17వ తేదీన అయిదు పౌనులతో వసూలు మొదలైనది. అంతకుముందే చట్టమున ఒక నిబంధన చేర్చిరి: ఈ సొమ్ము రవాణాకు దప్ప అన్యమునకు వినియోగింపరాదు. బస్సులు పెరిగినవి. పిదప 2007లో పడమటి పేటలకు విస్తరించిన భాగమును, ఆ పేటలవారి యలజడికి తలయొగ్గి, క్రొత్త మేయరు 2011 జనవరి నాటికి ఎత్తివేసెను. వకీళ్లకు వినోదము గూర్చు ముచ్చట యొకటి యిందు గలదు. దౌత్యకార్యాలయములు పన్ను చెల్లింపనక్కరలేదు గదా! అందుచే ఇది సేవకు రుసుమని లండను అధికారులును, పన్నే యని అమెరికా దౌత్యకార్యాలయమును ఏండ్ల తరబడి వాదించుకొనుచున్నారు. ఆ బాకీదారుల పట్టికలో మన భారత హైకమిషను పేరును పైవరుసలలోనే యుండుట మనము దాచుకొనవలసిన పని లేదు.

ఎడింబరో నగరవాసులు 2005లో ఓటు వేసి ఈ సుంకమును త్రోసిపుచ్చిరి. మాంచెస్టరు ప్రాంతీయులు 2008లో నూటికి డెబ్బదియెనమండుగురు మించి వలదనిరి. న్యూయార్కు కథ మరింత దీర్ఘము. 2008లో రాష్ట్రసభ ఓటునకు పెట్టకయే దానిని చంపినది. 2019లో చట్టమైనది. 2024 జూన్ నెలాఖరున పదునైదు డాలర్లతో మొదలు కావలసియుండగా, ఆ నెల మొదటివారముననే గవర్నరు నిలిపివేసెను. ఎన్నికలు ముగిసిన పిదప తొమ్మిది డాలర్లకు తగ్గించి 2025 జనవరి 5వ తేదీన ప్రారంభించిరి. నెలన్నర గడవకముందే కేంద్రప్రభుత్వము అనుమతి రద్దుచేసితి ననినది. కోర్టు దాని చేయి పట్టుకొన్నది. పొరుగు రాష్ట్రమగు న్యూజెర్సీయు వ్యాజ్యము వేసినది. నది కీవలి వారము, మా పౌరులు పైకము కట్టవలె, ఆ పైకము మీ రైళ్లకు పోవలెనా యని దాని మొఱ.

ఈ మొఱ చెవిని బెట్టుకొనుడు. స్టాక్‌హోమునందు గూడ ఇదే జరిగినది. అచ్చట 2006 జనవరి 3 నుండి జూలై నెలాఖరు వరకు సుంకమును ప్రయోగముగ నడిపి, సెప్టెంబరులో ప్రజాభిప్రాయము గోరిరి. మొదట ఎక్కువమంది తిట్టినవారే. కాని సుమారు అయిదవవంతు రద్దీ తగ్గుట కన్నులార చూచినపిదప నగరవాసులు స్వల్పాధిక్యముతో ఔననిరి. చుట్టుపట్ల పురపాలికలలో పలుచోట్ల వేఱుగ ఓటు పెట్టుకొనగా అచ్చట కాదనిన వారే ఎక్కువైరి. స్వీడను రాజ్యాంగమును బట్టి ఒక పురపాలిక తన పౌరులు కాని వారిపై పన్ను వేయజాలదు. అందుచే ఆ సుంకమును దేశపు పార్లమెంటు చట్టముగ చేయవలసివచ్చినది. మాకు ఈ సుంకపు చరిత్ర యంతటిలోను ఈ యొక్క యంశమే మిక్కిలి ముఖ్యమని తోచినది.

ఎందుకనగా, మనము ఎల్లప్పుడును నగరము వెలుపలివారమే. హైదరాబాదున ఇట్టి సుంకము ఇంతవరకు రాలేదు. కాని బెంగుళూరున 2025లో ఔటర్ రింగు రోడ్డు విషయమై ఆ ప్రస్తావన లేచినది. ఢిల్లీలో ప్రవేశించు లారీలపై 2015లోనే సుప్రీంకోర్టు ఉత్తరువుతో పర్యావరణ రుసుము వేసిరి. అందునకు ఏ శాసనసభయు ఓటు వేయలేదు. రేపు హైదరాబాదు వంతు రాదని ఎవరనగలరు? వచ్చినచో ఎల్.బి.నగరు కడ తొలి రూపాయి చెల్లించునది నల్లగొండ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బండ్లే. ఆ నగరపాలక సంస్థలో మనకు ఒక్క ఓటు లేదు.

ఓటు లేని పన్నుపై తెలుగువాడు ఏమి చేయునో 1921లో చీరాల పేరాల ప్రజలు చూపిరి. అడుగని మునిసిపాలిటీని నెత్తిన రుద్ది పన్నులు అనేక రెట్లు పెంచగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది జనులు ఇండ్లు విడిచి, మునిసిపలు హద్దు వెలుపల రామనగరమున పందిళ్లలోను, పాకలలోను నెలల తరబడి కాపురముండిరి. వారు మంచినీళ్లకు, వీధిదీపములకు శత్రువులు కారు. తమ్ము అడుగకపోవుటయే వారి యభ్యంతరము.

సుంకమే వలదని మేమనము. ఈ మాట కొందఱు మిత్రులకు రుచింపదు. కోర్టు పనిపై మేము హైదరాబాదునకు పోయినపుడు, దిల్‌సుఖ్‌నగరు మొదలు చాదర్‌ఘాటు వరకు కారులో కూర్చుండి, మా కేసు పిలుపు దాటిపోయిన దినములు గలవు. తరువాత బుద్ధి తెచ్చుకొని, ఎల్.బి.నగరున దిగి మెట్రోలో మహాత్మాగాంధీ బస్‌స్టేషను వరకు పోవ నేర్చితిమి. మా కారు ఆ బాటపై లేకుండుట చేత వెనుక నున్న ఆర్టీసీ బస్సున కొక కారంత చోటు దొరకినది. ఆ బస్సులో నిలబడి పోవు కూలివారికి కారు లేదు. సుంకము సక్రమముగ నడిచినచో మొదట లాభపడువారు వారే. అయితే బాడుగకారు నడుపుకొని జీవించువాడు నష్టపోవును; ఇది కప్పిపుచ్చరాదు.

ఇక సొమ్ము సంగతి. 2023లో 158 కిలోమీటర్ల హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు టోలును 7,380 కోట్లకు ముప్పదియేండ్లు ఒక కంపెనీకి కౌలు కిచ్చిరి. ఆ ఒప్పందము మంచిదా చెడ్డదా యని పార్టీలు ఆనాటి నుండి కలహించుచున్నవి. మేము ఒక్కటే అడుగుదుము: ముప్పదియేండ్ల వసూలు నొక్కమాఱుగ అమ్ముకొనిన పిదప, చెల్లించువాడు ఏ గుమ్మము ముందు నిలిచి లెక్క యడుగవలెను? రద్దీ సుంకమును అట్లు కౌలు కిచ్చినచో దాని ప్రాణమే పోవును. రద్దీ తగ్గిన కొలది వసూలు తగ్గవలసిన సుంకమును, వసూలు పెరిగిన కొలది లాభపడు చేతికి అప్పగింపవచ్చునా?

రాజ్యాంగము 265వ అధికరణము చట్టము లేక పన్ను లేదని చెప్పుచున్నది. రాష్ట్రజాబితాలో 59వ అంశము టోలు. కావున ఈ యధికారము నగరపాలక సంస్థ తీర్మానముతోను, అధికారి ఉత్తరువుతోను గాక, రాష్ట్రశాసనసభ బిల్లుతోనే రావలెనని మేము కోరుచున్నాము. ఆ సభలో మనకు సభ్యులు గలరు. మంచికో చెడ్డకో వారిని నిలదీయగలము. వసూలైన దానిలో ఇంత భాగము వెలుపలి జిల్లాల బస్సులకని బిల్లులోనే వ్రాయవలెను. ముందు ఆరునెలల ప్రయోగము, పిదప లెక్కల ప్రకటన, ఆపైననే శాశ్వతము.

కొన్ని దినముల క్రిందట మిర్యాలగూడలో ఒక బాడుగకారు డ్రైవరు మమ్ము ఆపి, "వకీలు సాబ్, నిమ్సుకు పేషంటును తీసుకపోతే ఆ పైసలెవరు కట్టాలె?" అని యడిగెను. మా చిత్తుప్రతిలో దానికి సమాధానము లేదు. లండనులో కొన్ని తరగతుల రోగులకు సొమ్ము తిరిగి యిచ్చు ఏర్పాటున్నది. మనమును వ్రాయవలెనని ఆ రాత్రియే చేర్చితిమి. మీలో లారీ, ట్రాక్టరు, ఆటో నడుపువారు గలరు. మాకు తట్టనివి మీకు తెలియును. ఆ చిత్తుప్రతి ఈ బల్లమీద నున్నది. మేమును, తోడి వాలంటీర్లును సాయంకాలము వరకు ఇచ్చటనే యుందుము. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనెదము.