అంగడి లెక్కలో మన మాట



బట్టల కొట్టులో చీరకు వేలాడే చిన్న అట్టముక్కను మనమందరం చూస్తూనే వుంటాం. ధర చూసి వదిలేస్తాం. వెనకటి రోజుల్లో ఆ అట్టముక్క మీద ధరతో పాటు నాలుగైదు అక్షరాలు కూడా వుండేవి. అది కొట్టువాళ్ళ రహస్యలిపి. అసలు కొన్న ధర యెంతో, బేరంలో యెంతవరకు దిగవచ్చునో గుమాస్తాకు ఆ అక్షరాలే చెప్పేవి. మిగతా వివరాలన్నీ చిట్టా ఆవర్జాల్లోనూ, షావుకారుగారి తలలోనూ వుండేవి. ఏ ఇంటావిడ ఏ రంగు కడుతుందో, ఎవరింట్లో పెళ్ళి దగ్గరపడిందో ఆయనకు కంఠతా వచ్చు.

ఇప్పుడు ఆ అక్షరాల చోట నల్లగీతలు వచ్చాయి. బార్‌కోడ్ అంటారు. 1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే వూళ్ళో, ఒక చూయింగ్‌గమ్ పాకెట్టు మీది గీతలను దుకాణంలో యంత్రం చదివింది. అది మొదలు. ఆ గీతల్లో వుండేది ఒక నెంబరు మాత్రమే. ఆ నెంబరుకు ఎదురుగా రకం, రంగు, సైజు, ధర కంప్యూటరులో రాసి వుంటాయి. బిల్లు వేసే అమ్మాయి "టిక్కు"మనిపించగానే నిలవలో ఒకటి తగ్గిపోతుంది.

ఇంత లెక్క యెందుకమ్మా అంటారేమో. కందిపప్పు ఈ నెల అమ్ముడుపోకపోతే వచ్చే నెల పోతుంది. ఫేషను బట్టల సంగతి అలా కాదు. ఒక్క రకం కుర్తా 5 సైజుల్లో, 6 రంగుల్లో తెప్పిస్తే 30 రకాల లెక్క అవుతుంది. వాటిలో ఏది అయిపోయిందో, ఏది కదలకుండా కూర్చున్నదో వేళకు తెలియకపోతే పండగ దాటిపోతుంది, సరుకు పాతబడుతుంది. ఆనక ఆషాఢం తగ్గింపులో అయినకాడికి పోతుంది. ఆ నష్టం షావుకారు ఒక్కడే మోస్తాడనుకోకండి. కొత్త సరుకు ధరలో కలిసి మన నెత్తిమీదకే వస్తుంది.

ఈ లెక్క బాగా వంటబట్టించుకున్న సంస్థ జారా. స్పెయిన్ దేశంలో లా కొరూన్యా అనే రేవుపట్టణంలో అమాన్సియో ఒర్తేగా, ఆయన భార్య రొసాలియా మేరా ఆడవాళ్ళ హౌస్‌కోట్లు కుట్టించి టోకున అమ్మేవారు. ఆమె 11 ఏళ్ళకే బడి మానేసి పనిలో చేరిన మనిషి. 1975లో వాళ్ళు సొంతంగా కొట్టు పెట్టారు. జర్మనీ టోకు వ్యాపారి ఒకరు పెద్ద ఆర్డరు రద్దు చేయడంతో, మిగిలిపోయిన సరుకు అమ్ముకోవడానికే ఆ కొట్టు పెట్టారని చెబుతారు. కుట్టేవాళ్ళకూ కట్టుకునేవాళ్ళకూ మధ్య దూరం వుంటే యెంత ముప్పో వాళ్ళకు అప్పుడే తెలిసివచ్చిందన్నమాట.

వాళ్ళ పద్ధతి వినండి. కొట్టు నడిపే మేనేజరు వారానికి రెండుసార్లు తనకు కావలసిన సరుకు రాసి పంపుతుంది. అమ్ముడైన లెక్క యెలాగూ యంత్రం పంపుతుంది. దానితో పాటు కొట్లోకి వచ్చినవాళ్ళు ఏమడిగారో, ఏది తొడిగి చూసి వదిలేశారో ఆ కబురు కూడా పంపుతుంది. అది డిజైను గీసేవాళ్ళకు చేరుతుంది. 2014లో ఒక్కొక్క బట్టకు తగిలించే బిళ్ళలో చిన్న చిప్ కూడా పెట్టడం మొదలుపెట్టారు. మీరు వింటున్న రేడియో లాగానే అది కూడా తరంగాల మీద జవాబు చెబుతుంది. బట్టలను ఒక్కొక్కటిగా ముట్టుకోకుండానే నిలవ లెక్క తేలుతుంది. 2010లో టాటావారి ట్రెంట్ సంస్థతో కలిసి జారా మన దేశానికీ వచ్చింది.

ఇక్కడే మనం గమనించవలసిన విషయం వున్నది. యంత్రం అమ్మినది రాసుకుంటుంది కాని, అడిగి లేదనిపించుకున్నది రాసుకోదు. మీడియం సైజు రెండు రోజుల్లో అయిపోయిందనుకోండి. మూడో రోజు నుంచి ఆ గడిలో సున్నా వుంటుంది. ఎవరికీ అక్కర్లేక సున్నానా, దొరక్క సున్నానా? ఆ సున్నాకు నోరు లేదు. మనకు వున్నది. "ఈ రంగులో కాటన్ లేదా అమ్మాయ్? జేబు పెట్టించకూడదూ?" అని కౌంటరు దగ్గర ఒక్కమాట చెప్పి రండి. మొహమాటపడి తిరిగి వచ్చేస్తే ఆ కొట్టు లెక్కలో మనం రానట్లే. అలాగే చూసిన బట్ట వేరే అరలో పడేయకండి. కంప్యూటరు వున్నదంటుంది, అమ్మాయి లేదంటుంది, మన వెనక వచ్చినావిడ ఉత్త చేతులతో వెళ్తుంది.

చెప్పవలసిన మాట వున్నట్లే, చెప్పనక్కరలేనిదీ వున్నది. బిల్లు దగ్గర "ఫోన్ నెంబరు చెప్పండి మేడమ్" అంటారు. నెంబరు ఇవ్వకపోతే బిల్లు ఇవ్వమని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో దుకాణాలవారికి సూచించింది. అదే సంవత్సరం ఆగస్టులో వ్యక్తిగత వివరాల రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. ఏ పనికని అడిగి తీసుకున్నారో ఆ పనికే వాడాలనేది అందులో ముఖ్య సూత్రం. తగ్గింపు పాయింట్లు కావాలనుకుంటే ఇవ్వండి, అది మీ ఇష్టం. వద్దనుకుంటే నవ్వుతూనే "కాగితం బిల్లు చాలు బాబూ" అనండి. షావుకారుగారి జ్ఞాపకం ఆయనతోనే వుండేది. కంప్యూటరు జ్ఞాపకం చేతులు మారగలదు, ఆ తేడా మరవకండి.

మనలో చాలామంది ఇంట్లోనే చీరలు, డ్రెస్ మెటీరియల్స్ అమ్ముతున్నారు. వాళ్ళకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. తెచ్చినది, అమ్మినది, మిగిలినది మొదటి మూడూ. నాలుగో గడి పైన "అడిగారు, లేదు" అని రాయండి. వచ్చినవాళ్ళు వెళ్ళగానే అది నింపండి, రాత్రికి మరిచిపోతాం. మళ్ళీ సరుకుకు వెళ్ళేముందు ఆ నాలుగో గడే ముందు చదవండి. ఏం తేవాలో అదే చెబుతుంది.

సెలవు.