టేపు పెట్టి చూసుకుందాం

ఇదీ ఒక సమస్యేనా అని కొందరు నవ్వారు. కొట్లో మగవాళ్ళ ముందు నోరు పెగలక, వాళ్ళు చూపుతో అంచనా కట్టి కాగితంలో చుట్టిచ్చిన 36 సైజు బ్రానే నేను పదేళ్ళు వేసుకున్నాను. భుజాలు కోసుకుపోతుంటే వయసనుకున్నాను.

టేపు పెడితే రొమ్ముల కింద చుట్టుకొలత 32 అంగుళాలు, రొమ్ముల మీద 35. కింది కొలతే సైజు. రెండింటి తేడాని బట్టి కప్పు: అంగుళమైతే ఎ, రెండైతే బి, మూడైతే సి. బరువు మోయాల్సింది కింది పట్టీ, భుజాలు కాదు.

32 సి అడిగితే, "అది ఉండదమ్మా, 34 సరిపోతుంది" అన్నాడు. వేసుకుని చూసే గది లేదు, వెనక్కి తీసుకోడు. పుచ్చిన బియ్యమిస్తే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం తలొంచుకుని వచ్చేస్తాం. (ఆరేసేదీ లంగా కిందే కదా!)

నిరుడు ఆరుగురం కలిసి వెళ్ళి అడిగాం. అమ్మడానికి ఒక అమ్మాయిని పెట్టారు. గది సంగతి ఇంకా తేలలేదు.