ఫ్రెంచి చెకుముకి తుపాకి — దాని స్థితి



పేట్ బషీరాబాదుకు దక్షిణమున, మూసీనది కావలి యొడ్డున, మూసారాంబాగను పేట కలదు. ఫ్రెంచి సేనాని రేమండ్ నామమే జనుల నోట మాఱి యా పేటకు నిలిచినదని చెప్పుదురు. నిజాం అలీఖాను కొలువున నతడు పదివేలకు మించిన సిపాయిలను ఫ్రెంచి పద్ధతిని తీర్చిదిద్దెను. 1798 మార్చి 25న నతడు మృతినొందెను. ఆ యక్టోబరు 22న నాంగ్లేయులు ఆ దళములను చుట్టుముట్టి యాయుధములు దింపించిరి. ఆనాటి కాలిబంటుకు చెకుముకి తుపాకియే ప్రధానాయుధము.

వీనిలో 1777 నాటి ఫ్రెంచి సైనిక నమూనా ప్రసిద్ధము. దాని పొడవు సుమారు అయిదడుగులు. బరువు సుమారు నాలుగున్నర కిలోలు. గొట్టపు రంధ్రము 17.5 మిల్లీమీటర్లు. మీట నొక్కగనే చెకుముకిరాయి యుక్కురేకును తాకి నిప్పురవ్వలు రాల్చును. అవి చిన్న పళ్లెములోని మందు నంటించును. ఆ మంట సన్నని బెజ్జముగుండ గొట్టములోనికి పోయి గుండును వెడలించును.

ఇట్టి తుపాకి స్థితి నెట్లు తెలియవలెను? మందు కాలిన మంటవలన బెజ్జము పెద్దదగును. కఱ్ఱను పురుగు తినును. పందొమ్మిదవ శతాబ్దిలో ననేక తుపాకులలో చెకుముకి యమరికను తీసివైచి, పేలుడు టోపీల యమరికను పెట్టిరి. మార్పునొందనిది చరిత్రకారునకు మిక్కిలి విలువైనది. ఇనుముపై నిలుకడగానున్న గోధుమవన్నె పొర హాని చేయదు. పొడిపొడిగా రాలు నెఱ్ఱని త్రుప్పు మాత్రము లోహమును తినివేయును.

అందఱకు తోచు నుపాయము, ఇటుకపొడితో తోమి తళతళలాడించుట. అదియే గొప్ప కీడు. తుపాకి యెచట తయారైనదో, ఎవరు పరీక్షించిరో తెలుపు ముద్రలన్నియు నా రాపిడిలో చెఱిగిపోవును. అక్షరములు చెఱిపిన తాళపత్రమునకును దానికిని భేదము లేదు.

కావున నింట నట్టిది కనబడెనేని మందు నిండియున్నదనియే తలపవలెను, పిల్లల చేతి కీయరాదు, మీట నొక్కిచూడరాదు. దానిని కదల్పక పోలీసువారికిని, పురావస్తు శాఖవారికిని తెలుపవలెను. 1972 నాటి శాసనము నూరేండ్లు నిండిన యిట్టి చారిత్రక వస్తువులను పురావస్తువులుగా నెంచుచున్నది. గ్రంథమును చెదలనుండి కాచు చేతులే యీ యినుపపుటను గూడ కాపాడవలెను.