కన్ను, చెవి రోగులకు ఇంటివారి పరిచర్య



కంటి రోగికిని చెవి రోగికిని చేయవలసిన పరిచర్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిని. నేను 30 ఏండ్లకు పైగా కంటి ఆసుపత్రిలోను, కొంతకాలము చెవి ముక్కు గొంతు ఆసుపత్రిలోను నర్సుగా పనిచేసి విరమించినదానను. వైద్యము చెప్పుట నా పని గాదు; అది డాక్టరుగారి పని. రోగి యింటికి వచ్చిన తరువాత మంచము ప్రక్కను నిలిచినవారు చేయవలసినది మాత్రమే చెప్పెదను. ఇంటిలో ఎవరు ఏ పని చేయవలెనో నిర్ణయించువారు మీరు గనుక, ఈ మాటలు మీతోనే చెప్పవలెనని నాకు చిరకాలముగా కోరిక.

మన కంటిలో నల్లగ్రుడ్డు వెనుక గాజుబిళ్ల వంటి కటకము కలదు. వయసు మీరినకొలది అది మసకబారుటయే శుక్లము. పూర్వము ఆ కటకమును తీసివేసి, దళసరి అద్దముల కళ్లజోడు నిచ్చెడివారు. రోగి తల కిరుప్రక్కల ఇసుక సంచులుంచి, కదలనీయక దినముల తరబడి పరుండబెట్టిన సంగతులు మా గురువులైన పెద్ద నర్సులు మాకు చెప్పుచుండిరి. 1949లో లండనునందు హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు, కృత్రిమ కటకమును కంటిలోనే అమర్చు పద్ధతిని ఆరంభించెను. అది క్రమముగా బాగుపడి, నేడు పెక్కుమంది ఉదయము ఆసుపత్రికి వచ్చి సాయంకాలమునకే ఇల్లు చేరుచున్నారు. ఇది గొప్ప మేలే. కాని ఒకనాడు మేము వారము దినములు వార్డులో చేసిన పరిచర్య, నేడు మొదటి రాత్రి నుండియే మీ వసారాలో జరుగవలసి వచ్చినది.

ఇచ్చట నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. ఒక ముసలి రైతునకు శుక్లము తీసిరి. మరునాడు కట్టు విప్పగానే ఆయన కొడుకు ముఖము చూచి, "నీ మీసము ఎప్పుడు నెరసినదిరా?" అనెను. వార్డంతయు నవ్వినది. బస్సు వేళ యగుటచే కొడుకు తొందరపడుచుండెను. నేను మందుల చీటీ అతని చేతికిచ్చి, చెప్పవలసినదంతయు గబగబ చెప్పితిని. అతడు తలయూపి వెడలెను. ఇంటికి పోయిన తరువాత అతడు పొలమునకు పోయెను. మందు వేసినది కోడలు. ఆమెకు ఎవరును ఏమియు చెప్పలేదు. మందు సీసా మూతి చీర చెంగుతో తుడిచి, అది రెప్పలకు తగులునట్లు వేసినదట. నాలుగవ దినమున నొప్పి పుట్టినది. ఆపరేషను చేసిన కన్ను నొప్పి పెట్టక మానునా యని ఇరుగుపొరుగువారు అనిరి. కోతల దినములలో కొడుకును పని మాన్పించుట ఇష్టము లేక పెద్దాయనయు ఓర్చుకొనెను. రెండు దినములు గడచినవి. తిరిగి తీసికొని వచ్చునప్పటికి కంటినిండ చీము. డాక్టర్లు చేయదగినదంతయు చేసిరి గాని ఆ చూపు మరల రాలేదు.

చీము పట్టుటకు చీర చెంగే కారణమని నేను చెప్పజాలను. కాని ఆ రెండు దినములు పోయినమాట నిజము. కోడలు వరండాలో నిలిచి, "ఆ చీటీ నా చేతికి రాలేదమ్మా" అనెను. నేను జవాబు చెప్పలేకపోతిని. నాటినుండి ఏ రోగిని ఇంటికి పంపునప్పుడైనను, ఇంటివద్ద మందు వేయు చేయి ఎవరిదని అడుగుట అలవాటు చేసికొంటిని. ఆ మనిషిని పిలిపించి, నా యెదుట ఒక చుక్క వేయించిన పిమ్మటనే పంపుచుంటిని. మీరును ఆసుపత్రికి పోవునాడు ఆ మనిషిని వెంట తీసికొని పోవలెను. కోడలైనను, మనుమరాలైనను సరియే.

మందు వేయు తీరు వినుడు. మొదట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. రోగి తల వెనుకకు వాల్చి పైకి చూడగా, క్రింది రెప్పను మెల్లగా లాగినచో చిన్న సంచివలె ఏర్పడును. అందులో ఒక్క చుక్క చాలును. సీసా మూతి రెప్పకు గాని వ్రేలికి గాని తగులరాదు. దానిని దేనితోను తుడువరాదు. కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటికొనను వ్రేలితో నిమిషముసేపు అదిమియుంచినచో మందు గొంతులోనికి జారిపోదు. రెండు మందులున్న యెడల నడుమ 5 నిమిషములు ఆగవలెను. ఒకరి సీసా మరియొకరికి వాడరాదు; మూత తీసిన నెలకు దానిని పారవేయవలెను. కంటిలో కొద్దిగా నలుసు పడినట్లుండుట సహజమే. నొప్పి హెచ్చుట, ఎఱ్ఱదనము పెరుగుట, వచ్చిన చూపు తగ్గుట, చీము కనబడుట, ఈ నాలుగింటిలో ఏ యొక్కటి కలిగినను తెల్లవారుదాక ఆగవలదు. కోతలు ఆగవచ్చును, కన్ను ఆగదు.

వరికోత, నూర్పిడి దినములలో ఊక గాని ఆకు అంచు గాని కంటికి తగులుట మీరెఱుగుదురు. ఆ చిన్న గీతలో బూజు చేరి పుండగును. మానిన పిదప పువ్వు మిగులును. అందు చనుబాలు పిండుట, ఆకుపసరు పోయుట ప్రేమతో చేయు పనులే గాని, పుండునకు క్రొత్త క్రిములను చేర్చుటయే యగును. అంతకంటె చెడుగు, మందుల షాపులో అడిగి తెచ్చుకొను చుక్కల మందు. అందు స్టెరాయిడు ఉన్నచో ఎఱ్ఱదనము తగ్గినట్లే కనబడును. లోపల బూజు పెరుగుచునే యుండును.

తాంబూలపు సున్నము పిల్లల కండ్లలో పడుట మరియొక ఆపద. అప్పుడు బండి వెదకుటకు పరుగెత్తవలదు. ముందు నీరు. రెప్పలు విప్పి పట్టి, శుభ్రమైన నీటిని ధారగా 30 నిమిషములైనను పోయవలెను. ఆ పిమ్మటనే ప్రయాణము. ఆ అరగంటలో ఇంటివారు చేసినదానిని తరువాత ఏ డాక్టరును చేయలేడు. సున్నపు డబ్బీలు ఉట్టిమీద నుంచుడని వేరే చెప్పవలెనా?

ఇక చెవి. చెవి కారుచున్నదనగా పెక్కుమారులు కర్ణభేరికి రంధ్రము పడినదని అర్థము. అట్టి చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోసినచో అది ఎచ్చటికి పోవునో యోచింపుడు. చెవిని పొడిగా నుంచుటయే మొదటి పరిచర్య. స్నానమునకు ముందు దూదికి వాసెలీను రాచి చెవికి అడ్డుపెట్టవలెను, చెరువులో మునుగరాదు. డాక్టరు చుక్కల మందు ఇచ్చినచో సీసాను గుప్పిట కొంతసేపుంచి వేయవలెను. చల్లనిమందు తల త్రిప్పును. పెద్దవారికి చెవిదొప్పను పైకిని వెనుకకును, పసిపిల్లలకు క్రిందికిని వెనుకకును లాగి వేసి, 5 నిమిషములు ప్రక్కకు పరుండబెట్టవలెను. చీము దుర్వాసన కొట్టుచు, దానితో తలనొప్పి గాని, తల తిరుగుట గాని, మూతి వంకరపోవుట గాని కలిగెనేని ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పిల్లలు చెవిలో సెనగగింజ దోపుకొన్నచో నీరు పోయవలదు. గింజ నాని ఉబ్బి బిగిసికొనును. పిన్నులు, అగ్గిపుల్లలు చెవికి శత్రువులు.

కంటికి కట్టుకట్టిన వానియొద్దకు పోవునప్పుడు, తాకుటకు ముందే, "నేను ఫలానా, మామగారూ" యని పేరు చెప్పవలెను. కంచములో కూర ఏ ప్రక్కనున్నదో, మజ్జిగ ఎచ్చట పెట్టితిమో చెప్పవలెను. మంచము, చెంబు, చేతికఱ్ఱ పెట్టినచోటనే యుండవలెను. నడిపించునప్పుడు ఆయనను ముందుకు త్రోయరాదు. మీ మోచేయి ఆయనకిచ్చి మీరు అర అడుగు ముందు నడువవలెను.

చెవి వినబడనివారి బాధ వేరు. వారు మూలుగరు, అడుగరు. మెల్లమెల్లగా మాటాడుట మానుదురు. చాదస్తమని మనము అనుకొందుము. నేనెఱిగిన యొక పెద్దమనిషి రెండేండ్లు రచ్చబండకు పోవుట మానెను. తగవులు తీర్చిన మనిషి, తన్ను చూచి నవ్వుచున్నారని అనుమానపడి ఇల్లు వదలలేదు. ఆసుపత్రిలో చూడగా రెండు చెవులలోను గట్టిపడిన గుబిలి! తీసిన తరువాత సగము బాధ తీరినది. మిగిలినదానికి చెవియంత్రము ఇచ్చిరి. అందరికిని ఇట్లు జరుగదు గాని, పరీక్ష చేయింపక ముసలితనమని వదలుట న్యాయము గాదు.

అట్టివారితో మాటాడునప్పుడు చెవిలో అరువవలదు; అరచిన మాట చెదరిపోవును. ఎదుట కూర్చుండి, వెలుతురు మీ ముఖముపై పడునట్లు చూచుకొని, చిన్న మాటలను నిదానముగా పలుకవలెను. నోటిలో చుట్ట యుండరాదు. ఒకమారు వినబడకున్నచో అదే మాటను మరల అనక, వేరు మాటలతో చెప్పవలెను. రచ్చబండ వద్ద అట్టి పెద్దలున్నచో గోడకు వీపు ఆన్చి, అందరి ముఖములు కనబడుచోట వారిని కూర్చుండబెట్టుడు. తగవు తీర్పు చెప్పుటకు ముందు వారి వంక తిరిగి, జరిగినది మరియొకమారు చెప్పి, వారి మాట అడుగుడు.