జైసల్మేరు: ఎడారిలోని గ్రంథ భాండారము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను పండితుడను గాను. పగలు గ్రామపు లెక్కలు, రాత్రి ఈ గ్రంథాలయపు బీరువాలలోని కావ్యములు. ఇంతియే నా చదువు. రెండేండ్ల క్రిందట శీతకాలమున రాజస్థానమునందలి జైసల్మేరు నగరమును దర్శించి వచ్చితిని. పుస్తకముల పండుగలో ఎడారి ముచ్చట యేల యని మీకు తోచవచ్చును. ఆ ఎడారి నడుమ మన గ్రంథాలయమునకు పెద్దన్నగారని చెప్పదగిన గ్రంథాలయ మొకటి కలదు. అందులకే ఈ ప్రసంగము.

జోధపురమునుండి పడమరగా సుమారు 300 కిలోమీటర్లు రైలులో పోవలెను. పోను పోను చెట్లు పొదలగును, పొదలు తుప్పలగును, తుదకు ఇసుక మిగులును. అంతలో త్రికూటమను గుట్టపై కోట కాననగును. భట్టీ రాజపుత్ర వంశజుడగు రావల్ జైసలుడు 1156లో దానికి పునాది వేసెను. బురుజులు 99. గోడలన్నియు పసుపువన్నె ఇసుకరాయి. సాయంకాలపు ఎండ సోకినప్పుడు కోట యంతయు పుటము పెట్టిన పసిడివలె మెరయును. స్వర్ణదుర్గమను పేరు ఊరక రాలేదు. మనము చూచిన కోటలు చాలవరకు పాడుగోడలు. ఇది అట్టిది గాదు. నేటికిని దానిలో వేలకొలది జనులు కాపురములు చేయుచున్నారు. గడప గడపకు ముగ్గు, గుడి గుడికి గంట వినవచ్చును.

పూర్వము సింధు దేశమునకు పోవు ఒంటె బిడారులు ఇచ్చట విడిసెడివి. ఆ వర్తకముతో గడించిన ధనమే ఊరిలోని మేడలైనది. గుమాన్‌చంద్ పట్వా యను వర్తకుడు తన యైదుగురు కుమారులకు ఐదు మేడలు తలపెట్టెను. ఆ గవాక్షముల చెక్కడము చూచిన, రాతిని చెక్కిరా, చందనమును చెక్కిరా యని సందేహము గలుగును. పిదప బొంబాయి రేవు ప్రబలుటచే వర్తకము సన్నగిల్లెను. 1947లో దేశవిభజనతో సింధు త్రోవ మూతపడెను.

లెక్కలు వ్రాయువాడను గావున నా చూపు నీటి పద్దు మీదికి పోయినది. అచట ఏటి వర్షపాతము సాధారణముగా 200 మిల్లీమీటర్లకు లోపే. అంతటి దానితో నగర మెట్లు బ్రదికెను? 14వ శతాబ్దిలో రావల్ ఘడ్సీ బాగుచేయించిన ఘడీసర్ చెరువు ఊరికి శతాబ్దముల తరబడి త్రాగునీరిచ్చెను. చుట్టుపట్ల పల్లెలలో పాలీవాలు బ్రాహ్మణులు ‘ఖడీన్’ అను పద్ధతిని వ్యాప్తి చేసిరి. పల్లమునకు అడ్డముగా పొడవైన మట్టికట్ట వేసి, రాతినేలపై పారివచ్చు వాననీటిని నిలుపుదురు. నీరు ఇంకిన పిదప ఆ పదునుతోనే గోధుమయు, సెనగయు పండింతురు. రైతు సోదరులు ఈ మాట మనసున నుంచుకొందురు గాక!

సంగీతప్రియులకొక మాట. మాంగణియారులను గాయకులు మహమ్మదీయులు. వారిని తరతరములుగా పోషించువారిలో రాజపుత్రులు మొదలగు హిందువులు పెక్కురు. యజమాని యింట పుట్టుకకును, పెండ్లికిని వీరే వచ్చి, కమాయిచా యను తంత్రీవాద్యమును కమానుతో మీటి పాడవలెను. మతము వేరైనను పాట విడిపోలేదు.

ఇక అసలు విషయము. కోటలోని జైన దేవాలయములలో సంభవనాథుని ఆలయము క్రింద నేలమాళిగలో ఒక జ్ఞానభాండారము కలదు. 15వ శతాబ్దిలో జినభద్రసూరి యను ఆచార్యుడు దానిని నెలకొల్పెను. వేయేండ్ల నాటికి దగ్గరైన తాళపత్ర ప్రతులును అందున్నవి. దండయాత్రలకు సులభముగా అందని ఎడారిమూల, తేమలేని గాలి, తాళములు గలవారి శ్రద్ధ; ఈ మూడును కలిసి వానిని కాపాడినవి.

1874లో బ్యూలర్, యాకోబీ యను జర్మను పండితు లచటికి పోయి, కాశ్మీర కవి బిల్హణుని ‘విక్రమాంకదేవచరిత్ర’ ప్రతిని కనుగొనిరి. మరుసటి యేడు బ్యూలరు దానిని అచ్చు వేయించెను. ఆ కావ్యమునకు నాయకుడెవరు? 1076 మొదలు 1126 వరకు కల్యాణపురమునుండి ఏలిన చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడు; మన తెలంగాణమును గూడ పాలించినవాడు. పిత్రార్జితపు పంపకములలో మనము నేటికిని పేరెత్తు మితాక్షరిని విజ్ఞానేశ్వరుడు వ్రాసినది ఆయన కొలువులోనే. దానిని తెనిగించి కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించెను. దక్షిణాపథపు రాజు, కాశ్మీరపు కవి. కావ్యమును దాచినది మాత్రము మరుభూమిలోని జైనులు! తమ మతగ్రంథము కాదని వారు దానిని పారవేసి యుండిన, మన చరిత్రలో ఒక పుట చిరిగిపోయెడిది. గ్రంథాలయ ధర్మ మింతకన్న వేరు లేదు.

అయినను ఆ కోటకిప్పుడు ఆపద వాటిల్లినది. 2013లో రాజస్థాన పర్వతదుర్గములు ఆరింటిలో ఒకటిగా అది ప్రపంచ వారసత్వ స్థలమయ్యెను. కాని ఇంటింటికి కొళాయిలు వచ్చిన పిదప, వాడిన నీరు పాత తూములలో ఇమడక గుట్టలోనికి ఇంకి, అడుగు మన్నును మెత్తబరచుచున్నది. కొన్ని గోడలు కూలినవి కూడ. నీటిబొట్టును బంగారముగా చూచుకొన్న కోటను నీరే తినుచున్నది. వచ్చిన సౌకర్యమునకు తగిన కాపుదల లేకున్న ఫలితమిట్లుండును.

సోదరులారా! మన ఊరిలో ఎన్ని అటకలమీద తాటాకు కట్టలున్నవో ఎవరైన లెక్కించితిరా? మనది ఎడారి గాలి గాదు. తేమయు, చెదలును, రామబాణపు పురుగును మన ప్రతులకు యముని దూతలు. కావున పాలకవర్గమువారికి నా ప్రార్థన యిది. వచ్చు సంక్రాంతిలోపల ఇల్లిల్లు తిరిగి అట్టి కట్టలకు పట్టిక తయారు చేయవలెను. ఇచ్చువారివద్ద తీసికొని, నిమ్మగడ్డి నూనె పట్టించి, పొడిగుడ్డలో చుట్టి భద్రపరుపవలెను. ఈయలేనివారి యింటనే వానిని కాపాడు విధము తెలుపవలెను. పట్టిక వ్రాయు పని నాకు ఒప్పగింపుడు. లెక్క వ్రాయుట నాకు చేతనైన విద్య. మనకు అర్థము గాని ఆకును గూడ దాచుదము. దాని పాఠకుడు ఇంకను పుట్టి యుండకపోవచ్చును.