గ్రామ పరిపాలనయు మన బాధ్యతయు

(సంఘ వార్షిక మహాసభయందు రాజుపాలెపు పంచాయతీ సభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



మా ఊరి విషయములను గూర్చి నాలుగు మాటలు విన్నవింపవలసినదిగా సంఘ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము ఈ కులమున బుట్టినవారమే; కాని మమ్మెన్నుకొన్నవారు ఊరిలోని యన్ని కులములవారు. కావున ఈ వేదికపై మేము పలుకు ప్రతి మాటయు గ్రామసభలో నందరి యెదుటను పలుకదగినదై యుండవలెను. ఆ నియమమునకు లోబడియే మాటలాడెదము.

2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా యేర్పడినది. జిల్లా కచేరీ గుంటూరినుండి నరసరావుపేటకు వచ్చుటచే మన మండలమునకు కొంత దూరము తగ్గినది. అయినను అధికారి చేరువైనంత మాత్రమున పని చేరువ కాదు. ఏ పని యెవరిదో యెరిగి యడుగువారు కావలెను.

ముందుగా నీటి సంగతి. పల్నాటి సీమలో పెక్కుచోట్ల బోరునీటియందు ఫ్లోరైడు మిక్కుటము. మన దేశమున ఈ జబ్బు తొలుత 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే వైద్యులచే వెల్లడింపబడినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీరు లేనిచో 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. హద్దు మీరిన నీటిని యేండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లు గారపట్టును. పెద్దల కీళ్లు, వెన్ను బిగుసుకొనును. కాచినంత మాత్రమున ఈ దోషము పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో పాలు హెచ్చును గూడ. దీనికి మేలైన మార్గము కాలువనీరు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడినది. కుడికాలువ ఈ సీమకు పంటనే గాక త్రాగునీటిని గూడ నిచ్చినది. అయితే వేసవిలో కాలువ కట్టివేయుదురు. అంతకు ముందే మంచినీటి చెరువులను నింపుకొనిన యూరు వేసవి గడుపును. ఏమరిన యూరు ట్యాంకరుకై యెదురుచూచును. చెరువు నిండినదా, పూడిక తీసిరా, నీటిని పరీక్షించిరా అని మమ్మడుగుడు. ఈ యడుగుట మాకు భారము కాదు, బలము.

రెండవది దారి. నరసరావుపేటనుండి పిడుగురాళ్లకు పోవు అద్దంకి – నార్కెట్‌పల్లి రహదారియు, గుంటూరునుండి సత్తెనపల్లి మీదుగా వచ్చు రహదారియు మన మండలములోని కొండమోడు వద్ద కలియును. కొండమోడు – పేరేచర్ల దారి జాతీయ రహదారియైనది. రాకపోకలు హెచ్చినకొలది వ్యాపారము హెచ్చును. దుమ్మును, ప్రమాదములును గూడ హెచ్చును. జాతీయ రహదారి పంచాయతీ చేతిలోనిది కాదు. దానినిగూర్చి మేము పై యధికారులకు అర్జీ పెట్టగలము గాని కంకర పోయించలేము. వీధిదీపము, మురుగుకాలువ, లోపలి వీథులు మావి. వీనిలో లోపము గనబడినచో నిలదీయుడు.

మూడవది ధనము. 2021–22 మొదలు 2025–26 వరకు గల యైదేండ్లకు పదునైదవ ఆర్థిక సంఘము పంచాయతీలకిచ్చు నిధులను రెండు పాళ్లుగా విభజించినది. నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును మాత్రమే. తక్కిన 40 వంతులు ఊరి యితరావసరములకు. జీతములకు వానిని వాడరాదు. దీనికి తోడు ఇంటిపన్ను మన సొంత రాబడి. పన్ను కట్టినవాడే లెక్క గట్టిగా నడుగగలడు. అడవిలో పశువులు మేసినందుకు పుల్లరి కట్టుమన్న ప్రభుత్వము నెదిరించి పల్నాటి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణములు గోల్పోయెను. పన్నునుగూర్చి ప్రశ్నించు హక్కు నాడు ప్రాణముతో గొనబడినది. నేడు గ్రామసభకు నడచిపోయినచో లభించును.

ఇక నొక సున్నితమైన విషయము. మన సంఘభవనమునకు పంచాయతీ నిధినుండి సాయము చేయవలసినదని పోషకులలో కొందరు మాతో ననిరి. వారి యభిమానమును మేము గౌరవించుచున్నాము; కాని యా పని మేము చేయజాలము. త్రాగునీటికై వచ్చిన రూపాయి భవనమునకు పోరాదు. తక్కిన రూపాయిలో ఊరివారందరికి పాలు గలదు. మనకు సంఘమున్నది, మహాసభ యున్నది, మన మాట వినిపింప పెద్దలున్నారు. ఏ సంఘమును లేని యింటి కుళాయి యెండిపోయినప్పుడు ఆ యింటివారి మాట వినిపించువారెవరు? మేము మీ మాట మాత్రమే వినినచో ఆ దినముననే మా పదవికి అర్థము పోవును.

ఈ మాట పల్నాటివారికి క్రొత్తది కాదు. బ్రహ్మనాయుడు మాచెర్లలో కులభేదము పాటింపక అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి కుడిపిన చాపకూడు కథ వినని పిల్లవాడు మన సీమలో లేడు. నేటి చాపకూడు గ్రామసభ. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలునకు వచ్చిన డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణ ప్రకారము ఓటరు పట్టికలోని ప్రతివారును అందు సభ్యులు. గడచిన యేటి లెక్కలు, తనిఖీ నివేదిక, రాబోవు పనులు, క్రొత్త పన్నుల ప్రతిపాదనలు ఆ సభ ముందుంచవలెనని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము విధించినది. చట్టము చాప పరచినది; కూర్చుండువారు కావలెను.

కావున సంఘమువారికి మూడు మనవులు. గ్రామసభ దినమున ఇంటికొక్కరైన, ముఖ్యముగా నీళ్లు మోయు స్త్రీలు, రావలెను. అర్జీలు మా యింటి యరుగుపై గాక ఆ సభలో నీయవలెను. అచ్చట వ్రాతకెక్కిన మాట యెవరును మరువలేరు. సంఘభవనమును పోషకులు తమ విరాళములతోనే కట్టవలెను. అందు పొరుగూళ్లనుండి చదువుకొన వచ్చు బీదపిల్లలకు, ఏ కులమువారైనను, తావు కల్పింపవలెను. ఆ విరాళములకు మా శక్తికొలది మేమును మా సొంతధనమునుండి చేరుతుము.

కాదన్న మాటను సభలో చెప్పుట కష్టము. చాటున చెప్పుట తేలిక. మీరు మమ్ము మీ వారిగా నెంచితిరి గనుకనే సభలో చెప్పితిమి. మీ దయ మాయందును, మీ దృష్టి ఊరి లెక్కలయందును నిలుచుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాము.