ఒకే గదిలో ఉన్నట్టు
(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరువి కదా, ఏదైనా సాంకేతిక విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యవర్గం వారు. కృత్రిమ మేధ గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను పాతికేళ్ల కిందటి కంప్యూటర్ ఆటల గురించి చెబుతాను. మా బ్యాచిలో నలుగురం శనివారం రాత్రిళ్లు కలిసి ఆడుకుంటాం. ఒకడు విశాఖలో, ఒకడు న్యూజెర్సీలో, ఒకడు ఇక్కడే అనంతగిరిలో, నేను హైదరాబాదులో. ఈ సంగతి తెలిసి "యాభై దాటాక ఇదేం పిచ్చిరా" అని మీలో చాలామంది అడిగారు. అందరికీ కలిపి ఇప్పుడు జవాబు చెబుతున్నాను.

మేం ఆడేది 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగం. 1999లో వచ్చింది. మనుషుల్ని పెట్టి కట్టెలు కొట్టించాలి, పొలం దున్నించాలి, కోట కట్టాలి, చివరికి ఎదుటివాడి రాజ్యం మీద పడాలి. మా తరానికి బడిలో కంప్యూటర్ లేదు. ఉద్యోగాల్లో చేరాక, ఆఫీసు పని అయ్యాక, అక్కడి కంప్యూటర్ల మీద ఈ ఆటలు నేర్చుకున్నాం. మా తర్వాతివాళ్లు కాలేజీ హాస్టళ్లలో, నెట్ సెంటర్లలో 'కౌంటర్ స్ట్రైక్'తో మొదలుపెట్టారు.

1993లో వచ్చిన 'డూమ్' దగ్గర్నుంచి ఆ కాలపు ఆటలు చాలావరకు ఒకే గదిలో తీగలతో కలిపిన కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. దాన్నే లాన్ అంటాం. ఆటలో చేరాలనుకున్న కంప్యూటర్ "ఎవరైనా ఆట పెట్టారా?" అని గదంతా వినబడేలా ఒక కేక వేస్తుంది. పెట్టిన కంప్యూటర్ "ఇదిగో, నేను పెట్టాను" అని బదులిస్తుంది. ఆ కేక రూటర్ దాటి బయటికి పోదు. పోకూడదు కూడా. లోకంలోని కంప్యూటర్లన్నీ ఒకదాని కేకలు ఇంకొకటి వింటూ కూర్చుంటే ఇంటర్నెట్టే నడవదు. మన బడి గంట ఆవరణంతా వినబడేది, కొండ అవతలి ఊరికి వినబడేది కాదు. ఇదీ అంతే.

దూరాన ఉన్నవాళ్లను కలపడానికి కంపెనీలు తమ సర్వర్లు పెట్టాయి. మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ జోన్‌లో సీడీ ఆటలకు 2006లో స్వస్తి చెప్పింది. గేమ్‌స్పై సేవలు 2014లో ఆగిపోయాయి. సర్వర్ మీదే ఆధారపడ్డ ఆటలకు ఆ రోజుతో ఆన్‌లైన్ తలుపు మూసుకుంది. లాన్ అనే మీట ఉన్న ఆటలు మాత్రం బతికాయి, ఎందుకంటే ఆ మీట నొక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక కావలసిందల్లా విడివిడిగా ఉన్న మన ఇళ్లు ఒకే గది అని ఆటను నమ్మించడమే.

ఆ పని చేసేదే వర్చువల్ లాన్. ఇది మనవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే మనం సొరంగాల పక్కన పెరిగాం. 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. రైల్లో కూర్చున్నవాడు కొండ ఎక్కడు, దిగడు. కాసేపు చీకటి, తర్వాత అవతలి లోయ. ఈ సాఫ్ట్‌వేర్ కూడా మన కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు పెడుతుంది. ఆట వేసిన కేకను అది పట్టుకుని, ఇంకో కవరులో పెట్టి, తాళం వేసి, ఇంటర్నెట్ మీదుగా అవతలి స్నేహితుడి కంప్యూటర్లో విప్పుతుంది. మధ్యలో ఎన్ని సముద్రాలు దాటిందో ఆటకు తెలియదు. డూమ్ కాలం ఆటల కోసం 1995లోనే 'కాలీ' అనే ప్రోగ్రాం ఈ పని చేసింది. 2004లో 'హమాచి' వచ్చి దీన్ని మామూలు మనుషుల చేతికి తెచ్చింది. ఇప్పుడు జీరోటియర్, ర్యాడ్మిన్ వీపీఎన్ లాంటివి కూడా ఉన్నాయి.

ఇందులో ఇంకో చిక్కుంది. ఇంట్లో కంప్యూటర్‌కు 192.168తో మొదలయ్యే చిరునామా ఉంటుంది. అది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు లాంటిది. ప్రతి వీధిలో ఒక చిన్నా ఉంటాడు, బయటి నుంచి "చిన్నా" అని ఉత్తరం రాస్తే ఎవరికి చేరుతుంది? మొబైల్ నెట్‌వర్కుల్లో అయితే ఎంతోమందిని కలిపి ఒకే బయటి చిరునామా వెనక కూర్చోబెడతారు. అందుకని మధ్యలో ఒక పెళ్లిళ్ల పేరయ్య కావాలి. హమాచి లాంటి సంస్థల సర్వర్ చేసేది అదే. ఇద్దరి బయటి చిరునామాలు ఒకరివి ఒకరికి చెబుతుంది. ఇద్దరూ ఒకేసారి ఒకరికొకరు ఉత్తరం వేస్తారు. ఎవరి రూటర్ వారిది "మా వాడు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చిందిలే" అనుకుని తలుపు తీస్తుంది. అక్కడి నుంచి పేరయ్య తప్పుకుంటాడు, మాటలు నేరుగా సాగుతాయి. తలుపు ఎంతకీ తెరుచుకోకపోతే పేరయ్యే ఉత్తరాలు మోస్తాడు, కాస్త ఆలస్యంగా.

ఆలస్యం అన్నాను కాబట్టి లెక్క చెబుతాను. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి న్యూజెర్సీ సూటిగా చూసినా దాదాపు 13,000 కిలోమీటర్లు. పోయి రావడానికే సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది, కేబుళ్లు వంకర్లు తిరుగుతాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. ఏ ఇంజనీరూ దీన్ని తగ్గించలేడు. అయినా ఆట సాగడానికి కారణం దాని రచనలో ఉంది. అది తయారైన రోజుల్లో ఇంటి ఇంటర్నెట్ అంటే 28.8 కిలోబిట్ల మోడెం. అంత సన్నని దారిలో వందల సైనికులు ఎక్కడెక్కడ ఉన్నారో పంపడం కుదరదు. అందుకని ఆట ఆజ్ఞలను మాత్రమే పంపుతుంది. ఆ ఆజ్ఞల ప్రకారం ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనంతట తానే లెక్క కట్టుకుంటుంది. ఎవరూ ఎవరికన్నా ముందుకు పోకూడదు. ఒకరి లైను నెమ్మదైతే అందరి ఆటా నెమ్మదవుతుంది.

ఆ ఆట రాసినవాళ్లు 2001లో ఒక సదస్సులో తమ అనుభవం చెప్పారు. పావు సెకను ఆలస్యాన్ని ఆటగాళ్లు గమనించనే లేదట. ఒకే తీరున ఉండే ఆలస్యానికి అలవాటు పడతారు గానీ ఒకసారి వేగం, ఒకసారి నిదానం అయితే భరించలేరట. కొండదారిలో బడికి నడిచి వచ్చినవాళ్లకు ఇది కొత్త కాదు. చిన్నవాడి నడకే అందరి నడకగా వచ్చేవాళ్లం. ఇప్పుడు అనంతగిరిలో ఉన్నవాడు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడతాడు. వాన పడితే సిగ్నల్ సన్నగిల్లుతుంది, నాలుగు ఊళ్లలోనూ సైన్యాలు తాబేళ్లవుతాయి. ఎవరం వాణ్ని తీసేయం.

ఇదే ఆటకు 2019లో కొత్త రూపు వచ్చింది. 2022లో అందులో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు చేరారు, రాజేంద్ర చోళుడి దండయాత్రలూ ఉన్నాయి. తెలుగు మాస్టారు వింటున్నారు కాబట్టి చెబుతున్నాను, ఆయన మన రాజరాజనరేంద్రుడికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. దాన్ని మా పిల్లలు ఆడతారు. మాలో ఇద్దరి కంప్యూటర్లు అంత బరువు మోయలేవు, అందుకే మాకు పాతదే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నాలుగు ముక్కలు. అందరి దగ్గరా ఆట ఒకే వెర్షన్ ఉండాలి. విండోస్‌లో పాత భాగాల కింద ఉన్న 'డైరెక్ట్‌ప్లే'ని ఆన్ చెయ్యాలి. ఫైర్‌వాల్‌ను మొత్తం ఆపెయ్యకుండా ఆ ఆటకు మాత్రం అనుమతి ఇవ్వాలి. నెట్‌వర్క్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టి ముఖపరిచయం ఉన్నవాళ్లనే చేర్చుకోవాలి. వర్చువల్ లాన్‌లోకి రానిచ్చామంటే ఇంటి వసారాలోకి రానిచ్చినట్టే. ఆట అయ్యాక ఆపెయ్యండి.

ఇక "ఎందుకురా" అన్న ప్రశ్న. మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో అరవై మందికి పైగా ఉన్నాం. రోజూ శుభోదయాలు, పూల బొమ్మలు వస్తాయి. ఒకడు నెల రోజులు పలక్కపోయినా ఎవరికీ తెలియదు. నలుగురి ఆటలో ఒక కుర్చీ ఖాళీ అయితే ఆ రాత్రే తెలుస్తుంది. రెండేళ్ల కిందట విశాఖవాడు వరుసగా రెండు శనివారాలు రాలేదు. ఫోన్ చేస్తే "పనుంది రా" అన్నాడు. వాడికి శనివారం రాత్రి పనేమిటని అనంతగిరివాడికి అనుమానం వచ్చి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వాడింటికి పోయాడు. మనిషి మెట్లెక్కలేక ఆయాసపడుతున్నాడు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోయాడు. గుండెకు ఆపరేషన్ అయింది. వాడు ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు. ఆట వాణ్ని కాపాడిందని నేననను, కాపాడింది స్నేహితుడు. వాడు రాలేదన్న సంగతి తెలియడానికి మాత్రం ఒక చోటు కావాలి, వారానికి ఒకసారైనా.

చివరిగా సంఘానికి ఒక మనవి. మన మండలంలో సిగ్నల్ సరిగా అందని ఊళ్లు ఇంకా ఉన్నాయి. కానీ లాన్‌కు సిగ్నల్ అక్కర్లేదు. ఒక స్విచ్, కొన్ని కేబుళ్లు చాలు. బడిలో ఉన్న కంప్యూటర్లను అలా కలిపితే పిల్లలు పాఠాల ఫైళ్లు పంచుకోవచ్చు, కేక గది దాటి ఎందుకు పోదో కళ్లారా చూడవచ్చు. టీచర్లు ఒప్పుకుంటే శనివారం ఒక గంట ఆడుకోవచ్చు. 'జీరో ఏ.డీ.' అని పూర్తిగా ఉచితమైన ఆట ఉంది, అందులో మౌర్యులూ ఉన్నారు. సామాను ఖర్చు మా నలుగురిది. తీగలు లాగడానికి, కనెక్టర్లు బిగించడానికి వేసవి సెలవుల్లో మేమే వస్తాం. పిల్లల్ని మాతో కూర్చోనివ్వండి, వాళ్ల చేతనే చేయిస్తాం. రేపు ఏదైనా తెగిపోతే మా కోసం ఎదురుచూడకుండా వాళ్లే బాగుచేసుకోవాలి.

హెడ్మాస్టారు గారు తేదీ చెబితే చాలు.